రాత్రంతా మేలుకునే అత్తమ్మకు నిద్రగోలీ వేయవచ్చా?

జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె నుంచి 34 ఏళ్ల గృహిణి ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక విషయాన్ని మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను. ఆమె భర్త షార్జాలో పనిచేస్తారు, రెండేళ్లకోసారి వస్తారు. ఇంట్లో ఉండేది ఆమె, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, 66 ఏళ్ల అత్తగారు. అత్తగారు చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి సంసారాన్ని నిలబెట్టిన మనిషి. ఆరేళ్ల కిందట చేతివేళ్ల కీళ్లు వాచి వంకర తిరగడం మొదలైతే కరీంనగర్‌లో చూపించారు. రుమటాయిడ్ కీళ్లవాతమని చెప్పి మందులు రాశారు. రెండేళ్లు వాడి, నొప్పి తగ్గిందని మానేశారు. అప్పటి నుంచి మందుల షాపులో ఇచ్చే నొప్పి గోలీ ఒకటి, దానితోపాటు చిన్న తెల్ల స్టెరాయిడ్ గోలీ ఒకటి రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నారు.

ఇప్పుడు ఆమె మంచం మీద నుంచి తనంతట తాను లేవలేరు. పొద్దున పది దాటితే గాని వేళ్లు విచ్చుకోవు. పగలంతా నులక మంచంలో కునుకుతూ ఉంటారు, చీకటి పడితే కళ్లు మూతపడవు. పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టుందని పిసకమంటారు. రాత్రి ఐదారు సార్లు మూత్రానికనో, పక్కకు తిప్పమనో పిలుస్తారు. ప్రతి సాయంత్రం సీసాడు కల్లు తాగే అలవాటు ఉండేది. నెల కిందట తెచ్చిపెట్టే మనిషి ఊరు విడిచి వెళ్లడంతో అది ఆగిపోయింది. ఆగిన మూడో రోజు నుంచి చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారని రాత్రిళ్లు మాట్లాడడం మొదలయ్యాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ నిద్రగోలీ ఇచ్చారు. మూడు వారాలుగా రోజూ వేస్తున్నారు. వణుకు తగ్గింది గాని, మరునాడు మధ్యాహ్నం దాకా మత్తు వదలడం లేదు. ఒకసారి మంచం దిగబోయి జారి పడ్డారు. నడుము కింద, తోకఎముక దగ్గర చర్మం కమిలినట్టు కనిపిస్తోంది.

భర్త ఫోనులో గోలీ వేసి నువ్వు కూడా పడుకో అంటారు. కరీంనగర్‌లో ఉండే ఆడబిడ్డ, మా అమ్మను మత్తులో పెడుతున్నావని నిష్ఠూరమాడుతున్నారు. ఉత్తరం చివర ఆమె రాసిన మాటలు యథాతథంగా ఇవి: “అత్తమ్మ నన్ను బిడ్డా అనే పిలుస్తది. కానీ రాత్రి రెండింటికి ఆ పిలుపు వింటే నాకు కోపమొస్తుంది. గోలీ వేస్తే తప్పా? వేయకపోతే నేను బతికేదెట్లా?”

అమ్మా, మీ రెండు ప్రశ్నల్లో రెండోది మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను. ముందు గోలీ సంగతి చూద్దాం. అత్తగారు ఎందుకు మేలుకుంటున్నారో తేలకుండా గోలీ వేయాలా వద్దా అన్నది తేలదు. మీ ఉత్తరంలోనే ఐదారు కారణాలు కనిపిస్తున్నాయి. వాటిలో కొన్నిటిని మీరు ఇంట్లోనే సరిచేయగలరు, కొన్నిటికి డాక్టరు కావాలి, ఒకటి మాత్రం ఈ వారమే తేల్చుకోవలసినది.

ఆ ఒకటి కల్లు. మన ప్రాంతంలో అమ్మే కల్లులో మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రజోలం వంటివి కలపడం చాలాకాలంగా ఉన్న సమస్య. ఏళ్ల తరబడి అలాంటి కల్లు తాగినవారికి అది హఠాత్తుగా దొరకకపోతే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు వస్తుంది, లేనివి కనిపిస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎంతోమంది సరిగ్గా ఈ లక్షణాలతోనే ఆసుపత్రుల్లో చేరారు. అత్తగారు తాగిన కల్లులో ఏముందో ఇప్పుడు మనం చెప్పలేము, కాని మూడో రోజున వణుకు, చెమటలు, భ్రమ మొదలవడం అటువైపే చూపిస్తోంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీ అల్ప్రజోలం గాని, ఆ జాతికి చెందిన మరొకటి గాని అయితే వణుకు ఎందుకు తగ్గిందో కూడా అర్థమవుతుంది. శరీరం వెతుక్కుంటున్న మందే మరో రూపంలో అందింది.

అందువల్ల రెండు పనులు చేయవద్దు. నిద్ర పట్టడం లేదని మీ అంతట మీరు గోలీని ఒకటి నుంచి రెండుకు పెంచవద్దు. ఆడబిడ్డ మాటకు నొచ్చుకొని ఈ రాత్రే ఒక్కసారిగా ఆపవద్దు. రోజూ వేసుకునే ఈ జాతి గోలీలను డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మధ్యలో ఎవరైనా జాలిపడి మళ్లీ కల్లు తెచ్చిపెడితే కల్లు, గోలీ కలిసి శ్వాసను మందగింపజేసే ప్రమాదం ఉంది. దీన్ని ఇంటికి వచ్చిపోయే వాళ్లందరికీ చెప్పండి. ఫిట్స్ వచ్చినా, పిలిచినా పలకనంత మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి.

రాత్రిపూట ఎవరో కనిపిస్తున్నారని ఇప్పటికీ అంటున్నారంటే కల్లు ఒక్కటే కారణమని తీర్మానించకూడదు. ముసలివాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో సోడియం తగ్గినా, చక్కెర పెరిగినా ఇలాగే మతి తడబడుతుంది. జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించి మూత్ర పరీక్షతోపాటు చక్కెర, సోడియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించమని అడగండి. ఫెర్రిటిన్ ఎందుకంటే, పడుకోగానే కాళ్లలో పాకినట్టు ఉండడం, పిసికితేనో కదిలిస్తేనో హాయిగా అనిపించడం చాలాసార్లు ఇనుము లోపంతో వస్తుంది. ఆ లోపం ఉంటే దాన్ని పూరిస్తే కాళ్లు చాలావరకు నిమ్మళిస్తాయి. మీరు అర్ధరాత్రి కూర్చొని పిసికే పని కూడా తగ్గవచ్చు.

ఇక స్టెరాయిడ్ గోలీ. మన శరీరం తన సొంత స్టెరాయిడ్‌ను తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రి తక్కువగా తయారుచేసుకుంటుంది. బయటి నుంచి అదే మందును రాత్రి అన్నం తర్వాత ఇస్తే నిద్ర పట్టవలసిన సమయంలో శరీరాన్ని మేల్కొలిపినట్టే. సాధారణంగా దాన్ని పొద్దున ఏదైనా తిన్నాక వేసుకోమంటారు. అంతకంటే ముఖ్యమైనది, ఆ గోలీ ఏళ్ల తరబడి వాడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగితే మూత్రం ఎక్కువవుతుంది, మూత్రానికి లేచినప్పుడే పడిపోతారు, అదే గోలీ వల్ల ఎముకలు పలచబడి ఉంటాయి కనుక పడితే తుంటి విరగవచ్చు. మీ ఇంట్లో వేరువేరుగా కనిపిస్తున్న బాధలు కొన్ని ఈ ఒక్క తీగకు కాసినవే కావచ్చు. దానిపైన నొప్పి గోలీ కూడా కలిసినప్పుడు కడుపులో పుండు పడి రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. మలం తారులా నల్లగా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అయినా స్టెరాయిడ్‌ను సొంతంగా మానిపించవద్దు. ఏళ్లుగా వాడినవారికి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వేళ మార్చడం, మోతాదు తగ్గించడం రెండూ డాక్టరుతో మాట్లాడే చేయాలి.

పొద్దున పది దాకా వేళ్లు విచ్చుకోవడం లేదంటే కీళ్లవాతం ఇంకా చురుగ్గా ఉందని అర్థం. మోకాళ్ల అరుగుదలలో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంట లోపు వదులుతుంది. గంటలు పడుతున్నదంటే లోపల వాపు రగులుతూనే ఉంది. ఇప్పటికే వంకర తిరిగిన వేళ్లు మందులతో తిన్నగా కావు. కాని వాపును అణచవచ్చు, నొప్పి తగ్గించవచ్చు, మిగిలిన కీళ్లను కాపాడవచ్చు, స్టెరాయిడ్ అవసరాన్ని కూడా తగ్గించవచ్చు. వయసైపోయింది, ఇప్పుడెందుకులే అన్న మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. అది నాకెప్పుడూ మింగుడు పడలేదు. 66 ఏళ్లంటే ఇంకా ఎన్నో రాత్రులు గడపవలసిన వయసు. కరీంనగర్‌లో మొదట చూసిన డాక్టరు దగ్గరికైనా, హైదరాబాద్ నిమ్స్‌లోని రుమటాలజీ విభాగానికైనా వెళ్లి మందులు మళ్లీ మొదలుపెట్టే విషయం అడగండి. ఒక హెచ్చరిక: ఈ కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసే మందు. పొరపాటున రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. ఏ రోజు వేయాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ డబ్బాను మిగతా గోలీలకు దూరంగా పెట్టండి. చెప్పిన గడువులో రక్త పరీక్షలు తప్పించవద్దు.

వెళ్లేముందు ఒక వారం రోజులు చిన్న నోటు పుస్తకంలో రాయండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి పిలిచారు, మూత్రానికా, నొప్పికా, పక్కకు తిరగడానికా, భయంతోనా, చివరి చాయ్ ఎప్పుడు తాగారు, ఏ గోలీ ఎన్నింటికి వేశారు, పగలు ఎంతసేపు పడుకున్నారు. అక్షరాలు కుదిరినా కుదరకపోయినా ఫరవాలేదు. ఐదారు పిలుపుల్లో నాలుగు మూత్రానికే అని తేలితే మీరు చేయవలసిన పని ఒకటి, నాలుగూ నొప్పికే అయితే మరొకటి. పరీక్షలను మాత్రం ఈ వారం కోసం ఆపవద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు మూడు రాత్రుల లెక్క ఉన్నా చాలు.

మూత్రం సంగతిలో చాలామంది చేసే పని నీళ్లు తగ్గించడం. దానివల్ల ఇన్ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి. నీళ్లు తగ్గించకుండా వేళ మార్చండి. పొద్దున, మధ్యాహ్నం ఎక్కువ తాగించి సాయంత్రం నుంచి కొంచెం కొంచెంగా ఇవ్వండి. చాయ్ మధ్యాహ్నం మూడింటితో ఆపేయండి. పగలంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాల్లో చేరిన నీరు రాత్రి పడుకున్నాక తిరిగి రక్తంలోకి చేరి మూత్రంగా వస్తుంది. అందుకని మధ్యాహ్నం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టించండి. బీపీకి మూత్రం పోయించే గోలీ ఏదైనా సాయంత్రం వేస్తుంటే పొద్దునకు మార్చవచ్చేమో అడగండి.

మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టడం ఒక మార్గం, డైపర్ ఇంకో మార్గం. కమోడ్ అయితే ఆమె గౌరవం నిలుస్తుంది, కీళ్లు కాస్త కదులుతాయి, బాత్రూం దాకా చీకట్లో నడిపించే పని తప్పుతుంది, కాని ప్రతిసారీ మీరు లేవాలి. డైపర్ అయితే మీకు నిద్ర దొరుకుతుంది, కాని తోకఎముక దగ్గర ఇప్పటికే కమిలిన చర్మానికి తేమ శత్రువు. నా అభిప్రాయంలో, ముందుగా అత్తగారితో మాట్లాడి, ఆమె ఒప్పుకుంటే వారంలో ఒకటి రెండు రాత్రులు మీ నిద్ర కోసం డైపర్ వాడి, మిగతా రాత్రులు కమోడ్ వాడడంలో తప్పేమీ లేదు. డైపర్ వేసిన రాత్రి మధ్యలో ఒకసారైనా మార్చి, చర్మం కడిగి, ఒత్తి తుడిచి పొడిగా చేయండి.

ఆ కమిలిన చోటును రేపు పొద్దున వెలుతురులో చూడండి. వేలితో కొద్దిగా నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఒత్తిడి తగ్గించగానే కోలుకుంటుంది. నొక్కినా రంగు మారకపోతే పడకపుండుకు మొదటి మెట్టు అది. మనలాంటి చామనచాయ, నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగా ఉబ్బినట్టో ఉంటే జాగ్రత్త పడాలి. ఆ చోట నూనె పెట్టి రుద్దవద్దు, లోపలి కణజాలం మరింత నలుగుతుంది. గాలి నింపిన ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా వద్దు. చర్మం చిట్లితే నర్సుకో డాక్టరుకో చూపించాలి. మంచాన పడినవారి ఇళ్లకు వచ్చి చూసే ఆలన బృందం మీ మండలానికి వస్తుందేమో ఆశా కార్యకర్తను అడగండి.

నులక మంచం ఆమెకు సరిపోదు. అది మధ్యలో కుంగి నడుము భారమంతా తోకఎముక మీదే పడుతుంది, అందులోంచి లేవడం బలమున్న వాళ్లకే కష్టం. గట్టి చెక్క మంచం మీద మంచి పరుపు వేయండి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉండాలి. వీలైతే గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ దాని మీద వేయవచ్చు. ఏమాత్రం కదలలేని వారిని రెండు గంటలకోసారి తిప్పాలని ఆసుపత్రుల్లో నేర్పుతారు. అత్తగారు కొంత తనంతట తాను కదులుతారు కనుక, మంచి పరుపు ఉంటే రాత్రి నాలుగు గంటలకోసారి తిప్పినా సరిపోవచ్చు. పొద్దున చర్మం చూసుకుంటే సరిపోతున్నదో లేదో తెలుస్తుంది. పూర్తిగా పక్కకు పెట్టకుండా, వీపు వెనక మెత్త పెట్టి కొద్దిగా ఒరగబెట్టండి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మెత్త పెట్టండి. మోకాళ్ల కింద మాత్రం రాత్రంతా మెత్త ఉంచవద్దు. అప్పటికి హాయిగానే ఉంటుంది, కాని కొన్నాళ్లకు మోకాళ్లు ముడుచుకున్న చోటే బిగుసుకొని నిలబడడమే కుదరదు.

లేపేటప్పుడు చేతులు పట్టి గాని, చంకల్లో చేతులు వేసి గాని లాగవద్దు. ముందు ఆమెను మీ వైపుకు పక్కకు తిరగనివ్వండి. మోకాళ్లు వంచి పాదాలు మంచం అంచు దాటించండి. ఆమె కింది మోచేతిని పరుపు మీద ఆనించి ఒత్తుతుంటే, మీరు ఒక చేయి భుజం వెనక, ఇంకో చేయి తుంటి మీద పెట్టి సాయం చేయండి. కాళ్లు కిందికి దిగే బరువుకే పైభాగం లేస్తుంది. కూర్చున్నాక రెండు నిమిషాలు ఆగండి, కళ్లు తిరిగితే అప్పుడే తెలుస్తుంది. నిలబెట్టేటప్పుడు ఆమె నడుము చుట్టూ గట్టి తువ్వాల కట్టి దాన్ని పట్టుకోండి. మీ మోకాళ్లు వంచండి, నడుము వంచవద్దు. మీకూ నడుము నొప్పి వస్తుంటే దానికి సగం కారణం ఇక్కడే ఉండవచ్చు. ఏళ్ల నాటి రుమటాయిడ్ వాతంలో మెడ పైభాగపు ఎముకలు కూడా వదులయ్యే అవకాశం ఉంది కాబట్టి మెడ వెనక చెయ్యి పెట్టి ఎత్తవద్దు. కొత్తగా చేతుల్లో తిమ్మిరి, కాళ్లలో బలహీనత, మూత్రం ఆగకపోవడం కనిపిస్తే అది వెంటనే చూపించవలసిన విషయం. వేళ్లు పట్టు లేనివారికి మామూలు వాకర్ కంటే మోచేయి ఆనించే వాకర్ పనికొస్తుంది. రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో 60 దాటిన పేద వృద్ధులకు ఇలాంటి సహాయ పరికరాలు ఉచితంగా ఇస్తారు. మీ మండలంలో శిబిరం ఎప్పుడో విచారించండి.

పగటి సంగతి క్లుప్తంగా చెబుతాను. లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు పెట్టించండి. తర్వాత వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టండి. పొద్దుటి వెలుతురు కంటికి తగిలితే రాత్రి నిద్రకు దారి పడుతుంది. మధ్యాహ్నం కునుకు అరగంట మించనివ్వవద్దు. జీవితమంతా చేతులతో పనిచేసిన మనిషికి ఖాళీ చేతులే పెద్ద విసుగు. చిక్కుడుకాయలు ముందు పెట్టండి, ఎన్ని వలిస్తే అన్ని. ఏ కీలైనా వేడిగా, ఎర్రగా వాచిన రోజు ఆ చేతికి విశ్రాంతినివ్వండి. ఒక్క కీలు మాత్రమే హఠాత్తుగా వాచి జ్వరం కూడా వస్తే ఇంట్లో ఉంచవద్దు.

ఇప్పుడు మీ ప్రశ్న. గోలీ వేయడం తప్పు కాదు, మీరు చేసిన పని తప్పు కాదు. కాని ఈ గోలీ అత్తగారి లాంటి మనిషికి పడిపోయే ప్రమాదాన్ని, మతి తడబాటును పెంచుతుంది కాబట్టి శాశ్వత పరిష్కారంగా నేను దాన్ని ఎంచను. డాక్టరు చెప్పిన మోతాదులో కొంతకాలం కొనసాగిస్తూ మిగతా కారణాలను సరిచేసి క్రమంగా తగ్గించడం ఒక దారి. అందులో తగ్గించే వారాల్లో కొన్ని రాత్రులు ఇప్పటికంటే కష్టంగా ఉంటాయి, ఆ రాత్రుల్లో మీకు తోడు తప్పనిసరి. కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉంచి తగ్గించడం ఇంకో దారి. ఖర్చు, పిల్లల చదువు అడ్డం వస్తాయి, కాని భ్రమ ఎక్కువగా ఉంటే అదే క్షేమం. ఇప్పుడున్నట్టే సాగనివ్వడం మూడో దారి. ఆ దారిలో ఏదో ఒక రాత్రి తుంటి విరుగుతుందన్నది నా భయం.

ఆ తోడు ఎక్కడి నుంచి రావాలో ఆలోచించండి. ఆడబిడ్డను నిష్ఠూరం తీర్చమని కాకుండా, గోలీ తగ్గించే రోజుల్లో పది రోజులు వచ్చి అమ్మ దగ్గర పడుకొమ్మని అడగండి. ఆమె వస్తే రాత్రి అంటే ఏమిటో ఆమెకు తెలుస్తుంది, మీకు నిద్ర దొరుకుతుంది. అత్తగారిని కరీంనగర్ తీసుకెళ్తానంటే కూడా ఒప్పుకోవచ్చు. అయితే కొత్త ఇల్లు, కొత్త బాత్రూం మొదట్లో ఆమె గందరగోళాన్ని పెంచుతాయి కాబట్టి భ్రమ తగ్గాకే పంపడం మేలు. ఆడబిడ్డ రాలేనంటే వారానికి రెండు రాత్రులు ఊళ్లోని తెలిసిన మనిషిని డబ్బులిచ్చి పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు షార్జా నుంచి వచ్చే డబ్బులో మొదటి ఖర్చుగా ఉండాలి, మిగిలితే చూసే ఖర్చుగా కాదు. అత్తగారికి ప్రస్తుతం బీడీ కార్మికుల పింఛను వస్తుంటే, ప్రభుత్వం చేసే సదరం వైకల్య నిర్ధారణ పరీక్షలో వైకల్యం 40 శాతం దాటుతుందేమో చూపించండి. దివ్యాంగుల పింఛను దానికంటే ఎక్కువ. స్లాటు ఎలా తీసుకోవాలో మీసేవలో అడగండి.

రాత్రి రెండింటికి వచ్చే కోపం ఎన్నో రాత్రులు నిద్ర లేని శరీరపు కోపం. దాన్ని చూసి మీరు చెడ్డ కోడలినని అనుకోవద్దు. కాని ఆ కోపం చేతిదాకా వస్తున్నట్టు అనిపించినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఆ క్షణమే పక్కింటివారిని పిలవండి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. భర్తతో మాట్లాడేటప్పుడు కష్టమంతా ఒక్కసారి చెప్పకుండా నోటు పుస్తకంలోని ఒక రాత్రిని వరసగా చదివి వినిపించండి. ఎన్నింటికి లేచారో, ఎందుకు లేచారో విన్నాక గోలీ వేసి పడుకొమ్మనే మాట ఆయన నోట అంత తేలిగ్గా రాదు. అప్పుడు డబ్బు ఎంత పంపగలరో, సెలవు ఎప్పుడు దొరుకుతుందో అడగండి. పరీక్షల ఫలితాలు వచ్చాక ఆ పుస్తకంలో రాసుకున్న లెక్కతోపాటు నాకు మళ్లీ రాయండి. గోలీ తగ్గించే వారాల్లో ఏ రాత్రి ఏం చేయాలో అప్పుడు ఇంకా వివరంగా చెప్పగలను.